భద్రత పేరుతో తీసుకుని ప్రకటనలకు వాడతారా?

అకౌంట్ ఎవరూ హ్యాక్ చేయకుండా ఉండాలంటే ఫోన్ నంబరు ఇవ్వండి అని అడుగుతారు. భయంతో ఇచ్చేస్తాం. అలా తీసుకున్న నంబర్లను, ఈమెయిళ్లను ట్విట్టర్ ఏం చేసిందో తెలుసు కదా. ఎవరికి ఏ ప్రకటన చూపించాలో తేల్చడానికి వాడేసింది. 2013 నుంచి 2019 దాకా, 14 కోట్ల మందికి పైగా ఇచ్చిన వివరాలవి. 2022లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన కేసులో కట్టిన జరిమానా 15 కోట్ల డాలర్లు, అంటే మనిషికి ఒక డాలరు.

ఇంతకన్నా మాకు మండే సంగతి ఇంకొకటి ఉంది. జనం సమాచారం కాపాడటంలో మోసం చేయబోమని ఇదే కమిషన్‌కు ట్విట్టర్ 2011లోనే మాట ఇచ్చింది. రెండేళ్లు గడిచాయో లేదో ఈ పని మొదలైంది. ఫేస్‌బుక్‌దీ అదే తీరు. 2012లో మాట ఇచ్చి, తప్పి, కోట్ల మంది వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థ చేతికి చేరిన గొడవ తర్వాత 2019లో 500 కోట్ల డాలర్లు కట్టింది. భద్రత కోసం ఇచ్చిన ఫోన్ నంబర్లు ప్రకటనలకు వాడారన్నది ఆ కేసులోనూ ఉంది. జనం గోప్యతను ఉల్లంఘించిన కేసుల్లో చరిత్రలోనే పెద్ద జరిమానా అన్నారు. ఆ ఏడాది కంపెనీ ఆదాయం 7,000 కోట్ల డాలర్ల పైనే, అంటే ఆ జరిమానా నెల రోజుల రాబడి కూడా కాదు.

సేవలు ఉచితం, ప్రకటనలు లేకపోతే నడవవు, షరతులకు మీరే ఒప్పుకున్నారు అని కంపెనీలు అంటాయి. ప్రకటనలతో బతకొద్దని మేమూ అనడం లేదు. కానీ ఒక పని చెప్పి తీసుకుని ఇంకో పనికి వాడితే దాన్ని ఒప్పుకోవడం అంటారా? ఎక్కడెక్కడికి వెళ్లారో నమోదు చేసే లొకేషన్ హిస్టరీ అనే సెట్టింగ్‌ను ఆపేసినవాళ్ల కదలికలు కూడా వేరే సెట్టింగ్ ద్వారా గూగుల్‌కు చేరుతూనే ఉండేవి. దాని మీద 40 అమెరికా రాష్ట్రాలతో 2022లో 39 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

మాట తప్పినవాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, మళ్లీ మాట తీసుకుని వదిలేయడం అలవాటైతే తర్వాతి కంపెనీ నేర్చుకునేది అదే. ఎవరాల్‌బమ్ అనే చిన్న ఫొటో యాప్ విషయంలో 2021లో ఇదే కమిషన్ గట్టిగా నిలబడింది, వాడుకరుల ఫొటోలతో తయారుచేసిన ముఖాలు గుర్తుపట్టే అల్గారిథమ్‌లు కూడా చెరిపేయమంది. చిన్నవాళ్ల దగ్గర చూపించిన ఆ ధైర్యం, ఒకసారి సంతకం పెట్టి మరీ మోసం చేసిన ఈ పెద్ద కంపెనీల ముందు ఏమైపోయింది?