పాత లెన్సు కొత్త కెమెరాకు పొసగదన్న మాటలో నిజమెంత?

ఫోటోగ్రఫీ నేర్చుకునేవారి మధ్య ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతూ వస్తోంది. దాని సారాంశం ఇది: ఫిల్ము కాలపు మాన్యువల్ ఫోకస్ లెన్సులను డిజిటల్ కెమెరా గుర్తించదు, లెన్సునూ కెమెరానూ కలిపే అడాప్టరు పెడితే బొమ్మ నాణ్యత పడిపోతుంది, ఆ గాజు 24 మెగాపిక్సెళ్ల సెన్సరుకు చాలదు, నేటి కెమెరాలలో చేత్తో ఫోకస్ చేయడం కుదరదు, పైగా పాత గాజులో రేడియోధార్మిక పదార్థమూ ఫంగసూ ఉంటాయి, ఇన్ని తంటాలు పడినా మిగిలేదేమీ ఉండదు గనుక కొత్త లెన్సే కొనుక్కోవాలి. వీటిలో ప్రతి మాటకూ ఏదో ఒక కెమెరా విషయంలో, ఏదో ఒక లెన్సు విషయంలో కొంత ఆధారం ఉంది. అక్కడ మాత్రమే వర్తించేదాన్ని అన్నింటికీ అంటగట్టడమే ఈ సలహాలోని లోపం.

మొదటిది, కెమెరా గుర్తించదన్నది. విద్యుత్ కాంటాక్టులు లేని లెన్సును తగిలిస్తే కెమెరా అసలు లెన్సే లేదనుకుంటుంది, నిజమే. సోనీ, ఫూజీఫిల్మ్, కెనాన్ ఆర్ శ్రేణి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల మెనూలో లెన్సు లేకపోయినా షట్టరు పడనిచ్చే అమరిక ఒకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే చిక్కు తీరుతుంది. అపెర్చరును (వెలుతురు వచ్చే రంధ్రాన్ని) లెన్సు మీది రింగుతో మనం పెడితే, లోపలికి వచ్చిన వెలుతురును కొలిచి షట్టరు వేగాన్ని కెమెరా ఎంచుకుంటుంది. అద్దం ఉండే కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లకు ఆ అమరిక కూడా అక్కరలేదు. ఈ అపోహకు మూలం బహుశా నికాన్ డీ3000, డీ5000 శ్రేణులు కావచ్చు. చిప్పు లేని లెన్సు పెడితే వాటిలో లైట్ మీటరు పనిచేయదు; ఎం (మాన్యువల్) మోడులో ఒక ఫోటో తీసి, వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ చూసి సరిదిద్దుకోవాలి. డీ7000, డీ7200, డీ750 వంటి బాడీలలో లెన్సు వివరాలను మెనూలో నమోదు చేస్తే మీటరు పనిచేస్తుంది. అయితే 1977లో లెన్సు అపెర్చరు అమరికను బాడీకి తెలిపే ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్) పద్ధతి రాకముందు తయారై, ఆ తరువాత మార్పించని నిక్కార్ (నికాన్ వారి) లెన్సును ఈ బాడీలకు బిగిస్తే లెన్సు కూర్చునే మౌంటు పక్కనున్న చిన్న మీట విరిగే ప్రమాదం ఉంది. ఈ ఒక్క హెచ్చరికను మాత్రం పాటించవలసిందే.

అడాప్టరు నాణ్యతను చెడగొడుతుందన్న రెండో మాట దగ్గర కొంతసేపు ఆగాలి, ఎందుకంటే ఖర్చు తేలేది ఇక్కడే. ప్రతి మౌంటుకూ దాని ముఖం నుంచి సెన్సరు వరకు ఒక నిర్ణీత దూరం ఉంటుంది. మర తిప్పి బిగించే పాత ఎం42 రకం లెన్సులకు అది 45.46 మి.మీ., నికాన్ ఎఫ్ మౌంటుకు 46.5 మి.మీ., కెనాన్ ఈఎఫ్‌కు 44 మి.మీ. ఎం42 లెన్సును కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కు తగిలించేటప్పుడు మిగిలే ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీని ఒక పలుచని లోహపు రింగు నింపుతుంది. అందులో గాజు లేదు కాబట్టి చెడగొట్టడానికీ ఏమీ లేదు. అదే లెన్సును నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు తగిలిస్తే, సెన్సరుకు ఉండవలసినదానికన్నా దూరంగా నిలబడుతుంది. అప్పుడు దూరపు దృశ్యాలకు ఫోకస్ కుదరదు. కుదరాలంటే అడాప్టరులో సవరణ గాజు ఉండాలి. చవకరకం సవరణ గాజు బొమ్మను మసకబార్చే మాట నిజం. 42 మి.మీ. దూరం గల కెనాన్ ఎఫ్‌డీ లెన్సులు అదే కంపెనీ ఈఎఫ్ బాడీల మీద పడే ఇబ్బందీ ఇదే. ఈ రెండు జోడీల అనుభవమే అన్ని అడాప్టర్లకూ చెడ్డపేరు తెచ్చినట్టుంది.

మిర్రర్‌లెస్ కెమెరాల విషయం వేరు. వాటిలో అద్దం లేకపోవడంతో ఈ దూరం సోనీ ఈ మౌంటులో 18 మి.మీ., ఫూజీ ఎక్స్‌లో 17.7 మి.మీ., నికాన్ జెడ్‌లో 16 మి.మీ. మాత్రమే. ఫిల్ము ఎస్ఎల్ఆర్ లెన్సులన్నిటికీ ఇక్కడ బోలు గొట్టం లాంటి అడాప్టరు చాలు. నాసిరకం అడాప్టరు కాస్త వదులుగా ఉండవచ్చు, లోపలి గోడ మెరిసి కాంట్రాస్టును తగ్గించవచ్చు. రెండో లోపానికి నిగనిగలాడని నల్లరంగు పూస్తే సరిపోతుంది. ఎం42 లెన్సులలో కొన్నింటికి వెనుక ఒక పిన్ను ఉంటుంది. దాన్ని నొక్కి ఉంచే అంచు అడాప్టరుకు లేకపోతే, లెన్సు మీద ఏ/ఎం మీట కూడా లేకపోతే, అపెర్చరు ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది. కొనేటప్పుడు చూసుకోవలసింది ఈ అంచునే.

ఇక మెగాపిక్సెళ్లు. లెన్సుకు ఇన్ని మెగాపిక్సెళ్లని గీసిన హద్దేదీ లేదు. బొమ్మలోని వివరాన్ని లెన్సూ సెన్సరూ కలిసి నిర్ణయిస్తాయి. సెన్సరు మెరుగుపడితే లెన్సు పాతదే అయినా వివరం పెరుగుతుందే తప్ప తగ్గదు. నూరు శాతానికి పెంచి చూసినప్పుడు లెన్సులో మొదటినుంచీ ఉన్న మెత్తదనం కంటపడుతుంది, అంతే. ఫిల్ము ఫ్రేముకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సరులో 24 మెగాపిక్సెళ్లంటే ఒక్కో పిక్సెలు సుమారు 3.9 మైక్రాన్లు, అది పాత గాజుకు కఠిన పరీక్షే. కానీ ఆ సెన్సరు లెన్సు వేసే బొమ్మలో మధ్యభాగాన్నే వాడుకుంటుంది, ఏ లెన్సుకైనా బలమైన భాగం అదే. సూపర్ టకుమార్ 55 మి.మీ., పెంటాకన్ 50 మి.మీ. వంటివి పూర్తిగా తెరిచినప్పుడు వెలుగు అంచుల చుట్టూ పొగలా కనిపించినా, అపెర్చరును ఎఫ్/5.6, ఎఫ్/8 దాకా కుదిస్తే స్పష్టంగా తేరుకుంటాయి. సలహా నిజమయ్యేది రెండు చోట్ల: ఆ కాలపు చవక జూమ్‌లు, లెన్సు గుండా కాక వేరే కిటికీ గుండా చూసే రేంజ్‌ఫైండర్ కెమెరాల వైడ్ లెన్సులు. ఈ రెండో రకం లెన్సుల వెలుతురు సెన్సరు ముందున్న గాజు మీద బాగా ఏటవాలుగా పడడం వల్ల మూలలు అలుక్కుపోతాయి.

చేత్తో ఫోకస్ కుదరదన్న మాట డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండరుకు చక్కగా వర్తిస్తుంది. నికాన్ ఎఫ్ఎం2లో రెండు ముక్కలుగా విడిపోయి కలిసే బొమ్మ, పెంటాక్స్ కే1000లో మైక్రోప్రిజం ఫోకస్‌ను చూపించేవి. నేటి తెరలు కాంతివంతంగా ఉండేందుకు చేసినవి కాబట్టి అపెర్చరును సుమారు ఎఫ్/2.8 కన్నా ఎక్కువ తెరిచినప్పుడు వచ్చే పలుచని ఫోకస్‌ను చూపించలేవు; కంటికి కుదిరినట్టున్నా ఫోటోలో తప్పుతుంది. వెనుక తెర మీద కనిపించే లైవ్ వ్యూలో పెంచి చూస్తే ఈ చిక్కు లేదు. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచులను రంగుతో చూపడం) కూడా తోడవుతుంది. వీధిలో తీసేవారు అసలు ఫోకస్ చేయనక్కరలేదు: ఏపీఎస్-సీ కెమెరా మీద 28 మి.మీ. లెన్సును ఎఫ్/8 వద్ద 5 మీటర్లకు పెడితే, సుమారు రెండున్నర మీటర్ల నుంచి అనంతం దాకా అంతా స్పష్టమే. కబడ్డీ ఆటకో, పరుగెత్తే పిల్లలకో మాత్రం ఆటోఫోకస్‌ను మించింది లేదు.

రేడియోధార్మికత గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 వంటి కొన్నింటి గాజులో థోరియం ఉన్నది నిజం. ఏడాదికి 30 రోజులు, రోజుకు 6 గంటలు అలాంటి లెన్సు వాడేవారికి అందే రేడియేషన్ 0.02 మిల్లీసీవర్టులని అమెరికాలో వేసిన అంచనా. ప్రకృతి నుంచి మనిషికి ఏటా అందే ప్రపంచ సగటు సుమారు 2.4 మిల్లీసీవర్టులు. ఆ గాజును అరగదీయకుండా, పగలగొట్టకుండా ఉంటే చాలు. పసుపెక్కిన గాజు ఎండలో కొన్నాళ్లు ఉంచితే తేటపడుతుంది. ఫంగసు విషయానికొస్తే, దాని బీజాలు అన్నిచోట్లా గాలిలో ఉంటాయి, పెంచేది తేమ. కాకినాడలోనో విశాఖలోనో తోలు సంచీలో మూసిపెట్టిన కొత్త లెన్సుకూ అది పడుతుంది. టార్చి వెలుగులో సాలెగూడు లాంటి పోగులు కనిపించిన లెన్సును కొనకుండా ఉంటే సరి.

చివరిది డబ్బు. ఇక్కడ ఆ సలహాతో సగం ఏకీభవించాలి. కెనాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవారికి 2015లో వచ్చిన 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం చవకలోనే ఆటోఫోకస్‌తో దొరుకుతుండగా, సుడి తిరిగే నేపథ్యం మోజులో ధర పెరిగిన హీలియోస్ 44ను ఆదా కోసం కొనడంలో అర్థం లేదు. ఆదా ఉన్నది వేరే చోట్ల. మూతపడిన స్టూడియో బీరువాలో కే1000తో పాటు మిగిలిపోయిన లెన్సు పెంటాక్స్ డీఎస్ఎల్ఆర్‌కు ఏ అడాప్టరూ లేకుండా నేరుగా సరిపోతుంది. మినోల్టా 1985లో, కెనాన్ 1987లో మౌంటులు మార్చడంతో అనాథలైన ఎండీ, ఎఫ్‌డీ లెన్సులు మిర్రర్‌లెస్ మీద మళ్లీ పనికొస్తున్నాయి. వాటిలో 135 మి.మీ. లెన్సులు, ఎలాగూ చేత్తోనే ఫోకస్ చేసే మాక్రో లెన్సులు కొత్తవాటితో పోలిస్తే ఎంతో తక్కువకు వస్తాయి. వైడ్ కావలసినవారికి మాత్రం ఈ దారిలో లాభం లేదు. పాత 28 మి.మీ. లెన్సు ఏపీఎస్-సీ మీద 42 మి.మీ. లెన్సంత దృశ్యాన్నే చూపిస్తుంది. ఆ పనికి కెమెరాతో పాటు వచ్చిన 18-55 జూమే మేలు.