సవరణ: ‘ఎల్ పెసేబ్రె’ మొదట వినిపించింది న్యూయార్క్‌లో కాదు

సెల్లో (వయోలిన్ జాతికి చెందిన పెద్ద తంత్రీవాద్యం) విద్వాంసుడు పౌ కసాల్స్ కూర్చిన కాటలన్ ఓరటోరియో (వేషాలు, నటన లేకుండా పాటలతో కథ చెప్పే పెద్ద సంగీత రచన) ‘ఎల్ పెసేబ్రె’ను 1963లో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితిలో తొలిసారి ప్రదర్శించారని క్రితం వ్యాసంలో ఉంది. తొలి ప్రదర్శన 1960 డిసెంబరు 17న మెక్సికోలోని అకాపుల్కోలో జరిగిందని దాన్ని సరిదిద్దుకోవాలి. అప్పటికి కసాల్స్‌కు 83 ఏళ్లు. ఆర్కెస్ట్రాను నడిపించింది ఆయనే. న్యూయార్క్ కచేరీ మూడేళ్ల తర్వాత, అక్టోబరు 24న జరిగింది.

ఈ గందరగోళానికి 1971 కూడా తోడవుతుంది. అదే వేదిక, అదే తేదీ. కానీ ఆనాడు కసాల్స్ వినిపించిన కొత్త రచన ఐక్యరాజ్యసమితి గీతం. సాహిత్యం కవి డబ్ల్యు.హెచ్. ఆడెన్‌ది, భాష ఇంగ్లీషు.

క్రితం వ్యాసంలో ‘ఎల్ పెసేబ్రె’ గురించి రాసిన ‘స్పానిష్ గేయాలు’ అన్న మాట కూడా తీసేశాం. ఇది చిన్న తేడా కాదు. దీనికి సాహిత్యమైన జువాన్ అలవేద్రా పద్యాలు స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతపు భాష కాటలన్‌లో ఉన్నాయి. స్పెయిన్ నియంత ఫ్రాంకో ఆ భాషను బడుల నుంచి, కార్యాలయాల నుంచి వెళ్లగొట్టిన రోజుల్లో, ఫ్రాన్స్‌లోని ప్రాద్‌లో ప్రవాసంలో ఉంటూ కసాల్స్ ఈ రచనకు పూనుకున్నారు. స్పానిష్ అని రాస్తే ఆ పట్టుదలంతా గంగలో కలిసినట్టే.

కసాల్స్ పేరు చెప్పగానే మనకు సెల్లోనే తడుతుంది. అందుకే కాబోలు, ‘సెల్లో కచేరీ’ అని శీర్షిక పడింది. నిజానికి దీనికి అయిదుగురు ప్రధాన గాయకులు, బృందగానం, నిండు ఆర్కెస్ట్రా కావాలి. క్రీస్తు పుట్టుకే కథ. దేవదూతతో పాటు బెస్తవాడు, దుక్కి దున్నే రైతు, చివరికి కొట్టంలోని ఎద్దు, కంచరగాడిద కూడా పాడతాయి. శీర్షికను ‘కసాల్స్ ఓరటోరియో’గా మార్చాం.