సారు జనంలోకి వస్తున్నారు, జనం తప్పుకోండి

మన నాయకులకు ప్రజల్లోకి వెళ్లడమంటే ప్రాణం. వెళ్లే దారిలో ప్రజలుండటమే ఇబ్బంది. ఈ చిక్కు విప్పడానికి మన బందోబస్తు నిపుణులు పడుతున్న పాట్లను ఎవరూ గుర్తించకపోవడం అన్యాయం.

ముప్పు ఉత్తుత్తిదేం కాదు. 1991లో శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ దగ్గరికి దండతో వచ్చిన మనిషే బాంబు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో క్లేమోర్ మైన్లు పేలితే చంద్రబాబు బతికి బయటపడ్డారు. కాబట్టి జెడ్ ప్లస్ భద్రతను వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. ఆ దూరదృష్టికి ముచ్చటపడుతున్నానంతే.

హెలిప్యాడ్ మీద దుమ్ము లేవకుండా ట్యాంకర్లతో తడుపుతారు, పక్క వీధి కుళాయిలో చుక్క రాకపోయినా సరే. వేదిక ఊగదని ఆర్ అండ్ బీ వాళ్లు కాగితం రాసిస్తారు. అంబులెన్సులో సారు గ్రూపు రక్తం రెడీ. ట్రయల్ రన్ అని ఖాళీ కాన్వాయ్ సైరన్ మోగించుకుంటూ ఊరంతా తిరుగుతుంది, దానికీ ట్రాఫిక్ ఆపుతారు. ఏళ్ల తరబడి నోరు తెరుచుకున్న గుంతలు రాత్రికి రాత్రే పూడిపోతాయి. కాన్వాయ్ మలుపు తిరిగే చోటు దాకానే లెండి. ఆపైన ఉన్న గుంత వల్ల సారుకు ప్రాణహాని లేదు.

తర్వాత చెట్లు. ఎవరైనా ఎక్కి కూర్చోవచ్చని కొమ్మలు కొడతారు. ఇంకా అనుమానం తీరకపోతే మొదలే కొట్టేస్తారు. ఆ పైన పరదాలు. వాటితో సారుకు జనం, జనానికి సారు కనబడరు, ఇద్దరికీ ప్రశాంతత. 2022 నవంబరులో నరసాపురంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ సభకు వచ్చిన ఆడవాళ్ల చేత నల్ల చున్నీలు తీయించారు. చున్నీ పేలుతుందని కాదు, జెండాలా ఊగుతుందని టెన్షన్.

అంత పకడ్బందీ ప్లానులో జనానికి కేటాయించింది సర్వి బాదుల బారికేడ్లు మాత్రమే. 2022 డిసెంబరు 28న కందుకూరు రోడ్ షోలో తొక్కిసలాట జరిగి 8 మంది పోయారు. నాలుగు రోజులకే గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర ముగ్గురు. 2025 సెప్టెంబరులో తమిళనాడులోని కరూరులో నటుడు విజయ్ సభకొచ్చి గంటల తరబడి ఎదురుచూసిన వాళ్లలో 41 మంది. నాయకుల భద్రతలో మాత్రం ఎక్కడా లోపం లేదు. సభలకు ఇరుకు కూడలే ఎందుకంటారా? మైదానంలో ఐదు వేల మంది పలచగా ఉంటారు. అదే ఐదు వేలు సెంటర్లో అయితే డ్రోన్ షాట్‌లో ఇసకేస్తే రాలరు. ఈ లెక్క తెలియని పార్టీ లేదు.

కందుకూరు, గుంటూరు చావులకు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జనవరిలో కనిపెట్టిన మందు జీవో నంబర్ 1. 1861 నాటి పోలీసు చట్టాన్ని దుమ్ము దులిపి, రోడ్ల మీద సభలే వద్దంది. అది ప్రతిపక్షం నోరు నొక్కడానికేనని గిట్టనివాళ్లు అన్నారు. అదే ఏడాది మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇక రూట్ డ్యూటీ. తెల్లవారుజాము నుంచి మూసిన షాపు ముందు నిలబడ్డ మహిళా కానిస్టేబుల్ గొంతు తడుపుకోవడానికి ఒక్క గుక్క తాగి సీసా మూత పెట్టేస్తుంది. ఎక్కువ తాగితే బాత్రూం ఎక్కడుందో ప్లానులో రాయలేదు మరి. 'ఇంకెంతసేపమ్మా, షటర్ తీసుకోవాలి' అని షాపాయన అడిగితే, 'మాకూ వైర్‌లెస్ సెట్‌లో చెప్తేనే తెలుస్తుందండీ' అంటుంది. సెట్‌లో మాత్రం సారు ఇంకా బయల్దేరలేదు.

అందుకని నాదో ప్రతిపాదన. జనాన్ని తెచ్చేది ఎలాగూ ఆర్టీసీ బస్సుల్లోనే కదా, దించకండి. బస్సులనే వరసగా నిలబెట్టి, బిర్యానీ పొట్లం, నీళ్ల ప్యాకెట్ కిటికీలోంచి అందించండి. చప్పట్ల చోట డ్రైవర్లు హారన్ కొడతారు. తొక్కిసలాట ఉండదు, చున్నీల తనిఖీ ఉండదు, మధ్యలో లేచిపోయేవాళ్లు ఉండరు. దీనికీ భద్రతా విభాగం ఒక్క అభ్యంతరం చెప్పవచ్చు: కిటికీలకు పరదాలు కట్టలేదని.