ఫ్లాగ్ పడితేనే మైకులో నెంబరు

పొద్దున్నే గ్రూపులో వార్త. మా ఊరి యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆఫెన్సివ్ లైన్ కోచ్‌ని తీసేసిందట. అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లని ఆపే ఐదుగురికి నేర్పేవాణ్ణి. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. ఒకాయన లడ్డూ బొమ్మ కూడా పెట్టాడు. ఒక మనిషి ఉద్యోగం పోతే లడ్డూ! వాళ్ల ఆఫీసులో లేఆఫులు పడినప్పుడు పెట్టుబడిదారీ వ్యవస్థ మీద పేజీలకు పేజీలు రాసింది కూడా ఈయనే.

దాని కింద మా బావమరిది వాయిస్ మెసేజ్. "అసలు ఆ ఉద్యోగానికి జీతం ఎందుకు బావా? ఐదుగురు లావుపాటివాళ్లని వరసలో నిలబెట్టి తొయ్యండ్రా అనడమేగా!" అనడమేగా అట. మొన్నటిదాకా ఈ ఆటలో ఓనమాల్లాంటి ఫస్ట్ డౌన్ అంటే ఏంటి బావా అని నన్నే అడిగినవాడు ఈ రోజు జీతాలు నిర్ణయిస్తున్నాడు.

సరే బాబూ, తొయ్యడమే. మధ్యలో సెంటర్, వాడికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్. బంతి కదలకముందే సెంటర్ ఎదుటి వరస చూసి, ఎవడు ఎవణ్ణి ఆపాలో కేకేసి చెప్పాలి. వాడు చెప్పాక ఎదుటివాడు చోటు మారతాడు, అప్పుడు ఐదుగురి లెక్కా మారాలి. ఇదంతా కొన్ని సెకన్లలో, లక్ష మంది గొంతు చించుకునే స్టేడియంలో, పక్కవాడి మాట పక్కవాడికి వినపడని చోట. వీళ్ల వెనక నిలబడి బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. కుడిచేతివాడైతే, బంతి విసరబోయేటప్పుడు వాడి వీపు ఎడమ పక్కకి ఉంటుంది. అటునుంచి ఉరికి వచ్చేవాణ్ణి వాడు చూడలేడు. వాడి నడుం విరగకుండా చూసేది లెఫ్ట్ టాకిల్. మూడువందల పౌన్ల మనిషి, మోకాళ్లు వంచి, వెనక్కి అడుగులేస్తూ, తనకంటే చురుకైనవాణ్ణి చేతులతో ఆపాలి. పట్టుకోకూడదు. పట్టుకుంటే హోల్డింగ్, పది గజాలు వెనక్కి. ముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్, ఐదు గజాలు.

మొదటి అడుగు ఎన్ని అంగుళాలు వెయ్యాలో నేర్పడానికి నెలలు పడుతుంది. నడుం లేపకుండా కదలడం అలవాటవ్వాలని తలకి తగిలేంత తక్కువ ఎత్తున్న ఇనుప చట్రాల కింద పరిగెత్తిస్తారు. హైస్కూల్ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ణి అలా మూడు నాలుగేళ్లు రుద్దితే అప్పుడు ఒక టాకిల్ తయారవుతాడు. తయారయ్యేసరికి వాడు డబ్బులిచ్చి ఆడించుకునే ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లిపోతాడు. మళ్లీ మొదటి నుంచి. ఇదీ ఆ కోచ్ ఉద్యోగం. దీనికి లడ్డూ.

నాకు అన్నిటికంటే మండేది ఏంటో తెలుసా? ఒక మ్యాచ్‌లో బంతి అరవై సార్లు కదిలితే, యాభై తొమ్మిది సార్లు ఒక గార్డు తన పని తాను చేస్తే వాడి ఊసు ఎవడూ ఎత్తడు. కెమెరా కూడా బంతి వెంటే పోతుంది. అరవయ్యోసారి చెయ్యి జారిందా, తప్పు జరిగిందని పసుపు గుడ్డ, అదే ఫ్లాగ్, పడుతుంది, రిఫరీ మైకు ఆన్ చేసి స్టేడియం మొత్తానికీ చాటింపు వేస్తాడు. "హోల్డింగ్, ఆఫెన్స్, నెంబర్ 72." అంతే, ఆ రోజంతటికీ వాడి గురించి లోకానికి తెలిసింది అదొక్కటే. కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికి హైస్మన్ ట్రోఫీ 1935 నుంచి ఇస్తున్నారు. ఒక్క సెంటర్‌కి గానీ, గార్డుకి గానీ, టాకిల్‌కి గానీ రాలేదు. 1973లో ఒహాయో స్టేట్ టాకిల్ జాన్ హిక్స్ రెండో స్థానం దాకా వచ్చాడు. అదే మహాభాగ్యం.

ఆడేవాళ్లకే ఈ గతి అయితే ఇక నేర్పేవాడి సంగతి చెప్పాలా! క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడి, విసరకముందే ఎదుటివాళ్ల చేతిలో కిందపడినా (సాక్ అంటారు) లైన్‌దే తప్పు. ఏ ఎత్తు వెయ్యాలో చెప్పే కోఆర్డినేటర్ అస్తమానం పొడుగు పాసులే పిలిచినా లైన్‌దే తప్పు. హెడ్ కోచ్‌ని తీసేయాలంటే కాంట్రాక్టు ప్రకారం కోట్లు చెల్లించాలి కాబట్టి చవకలో దొరికే తల ఒకటి కావాలి. "మార్పులు చేస్తున్నాం" అని ప్రెస్ మీట్. ఆ తీసేసిన కోచ్ ఇంట్లో పిల్లలకి మళ్లీ కొత్త ఊరు, కొత్త బడి.

మా బావమరిదికి జో మూర్ పేరు తెలియదు. ఏం, గూగుల్ చెయ్యడానికి చేతులు లేవా? పెన్సిల్వేనియాలో హైస్కూల్ పిల్లలకి నేర్పిన మనిషి. 1977 నుంచి 1985 దాకా పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో లైన్ కోచ్. రస్ గ్రిమ్, మార్క్ మే, జింబో కోవర్ట్, బిల్ ఫ్రాలిక్, వీళ్లంతా ఆయన దగ్గర తయారైనవాళ్లు. అందులో గ్రిమ్, కోవర్ట్ ఇద్దరూ ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కారు. 1988లో మూర్ ఇండియానాలోని నోటర్ డేమ్ యూనివర్సిటీకి లైన్ కోచ్‌గా వెళ్లాడు. ఆ ఏడాదే ఆ జట్టు పన్నెండుకి పన్నెండూ గెలిచి జాతీయ చాంపియన్ అయింది.

1996 సీజన్ చివర అక్కడి హెడ్ కోచ్ లూ హోల్ట్జ్ దిగిపోయి బాబ్ డేవీ హెడ్ కోచ్ అయ్యాడు. అవ్వగానే మూర్‌ని పంపించేశాడు. అప్పటికి ఆయన వయసు 64. నోరు మూసుకుని పెట్టె సర్దుకునే రకం కాదు మూర్. కోర్టుకెక్కాడు, అదీ నోటర్ డేమ్ మీద, ఇండియానా రాష్ట్రంలోనే! 1998లో జ్యూరీ ఆయన వైపే తీర్పు ఇచ్చింది. వయసు చూసే తీసేశారని తేల్చి, దాదాపు 86 వేల డాలర్లు కట్టమంది. డబ్బు సంగతి వదిలెయ్యండి. అంత పెద్ద యూనివర్సిటీ లాయర్లని పెట్టుకుని ఒక లైన్ కోచ్ చేతిలో ఓడిపోయింది. ఈ కథ నాకెంత ఇష్టమో చెప్పలేను.

ఆయన 2003లో పోయాడు. నోటర్ డేమ్‌లో ఆయన దగ్గర ఆడిన ఆరన్ టేలర్ లాంటివాళ్లు పూనుకుని 2015 నుంచి దేశంలోకెల్లా మంచి ఆఫెన్సివ్ లైన్‌కి జో మూర్ పేరు మీద అవార్డు ఇస్తున్నారు. ఒక్కడికి కాదు, లైన్ మొత్తానికీ. ట్రోఫీ బరువు 800 పౌన్లు. మనవాళ్లు ఇచ్చే ప్లాస్టిక్ జ్ఞాపికల్లా చంకలో పెట్టుకుని పోయేది కాదు. మరి 2017లో ఆ ట్రోఫీ ఎవరికి వచ్చిందనుకున్నారు? నోటర్ డేమ్‌కే! వయసైపోయిందని గెంటేసిన మనిషి పేరున్న కంచుముద్దని తీసుకెళ్లి దర్జాగా పెట్టుకున్నారు. సిగ్గు అనేది ఉంటే కదా.

అన్నట్టు, హైస్కూల్లో మూర్ దగ్గర ఆడిన కుర్రాడు ఒకడు 1981లో అయోవా యూనివర్సిటీలో లైన్ కోచ్‌గా చేరాడు. కిర్క్ ఫెరెంట్జ్. 1999 నుంచి అక్కడే హెడ్ కోచ్. 2016లో మూర్ ట్రోఫీ అయోవాకి కూడా వచ్చింది. నెబ్రాస్కా యూనివర్సిటీలో మిల్ట్ టెనోపిర్ అయితే 1974 నుంచి 2002 దాకా ఒక్క చోటే ఉండి లైన్ తయారు చేశాడు. ఆయన హయాంలో మూడు జాతీయ టైటిళ్లు వచ్చాయి. 1995లో ఆ జట్టు సగటున మ్యాచ్‌కి దాదాపు 400 గజాలు పరుగుతోనే లాగింది. ఆ పరుగు తీసినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. దారి తెరిచినవాళ్లకి నేర్పిన టెనోపిర్ పేరు మన గ్రూపులో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నేనే లడ్డూ కొని తెస్తా.

నాకెందుకు ఇంత మంట అని మా ఆవిడ అడుగుతోంది. ఎందుకంటే మొన్న ఉగాదికి మన సంఘం వాళ్లు చేసింది నేను మర్చిపోలేదు కాబట్టి. హాలుకి తెల్లవారుజామునే వెళ్లి స్పీకర్లు మోసిందెవరు? వైర్లు నేలకి టేప్ వేసి అతికించిందెవరు? పిల్లల డాన్సులకి పాటలు వరసలో పెట్టిందెవరు, ఆఖరి నిమిషంలో "అంకుల్, మా పాట మారింది" అంటే విసుక్కోకుండా మార్చిందెవరు? సాయంత్రం దాకా అంతా సాఫీగా నడిచింది, ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అధ్యక్షులవారు ప్రసంగం మొదలుపెట్టగానే మైకు కాసేపు గీపెట్టింది. దాన్ని నోట్లో పెట్టుకుని మాట్లాడితే గీపెట్టదా మరి! వెంటనే నా పేరు పెట్టి, నిండు సభలో, అదే మైకులో, "ఏమండీ, కాస్త సౌండ్ చూసుకోవాలి కదా!" హాలంతా నవ్వులు.

తర్వాత శాలువాలు. స్పాన్సర్‌కి శాలువా. స్పాన్సర్ భార్యకి శాలువా. కార్యక్రమం సగంలో వచ్చి బొబ్బట్లు తిని ఫోటో దిగి పోయిన పెద్దమనిషికి శాలువా. పులిహోర కలిపి కలిపి చేతులు పడిపోయిన ఆడవాళ్లని వేదిక మీదికి పిలిచిన పాపాన పోలేదు. వాళ్లలో ఒకావిడ నాతో నవ్వుతూనే అంది, "మనకి ప్లేట్లు కడిగే శాలువా ఉందిలెండి అన్నయ్యా" అని.

ఇంతకీ ఆ లడ్డూ బొమ్మ పెట్టింది ఎవరనుకున్నారు? ఆ అధ్యక్షులవారే. కాబట్టి అందరూ చూసేలా ఇక్కడే చెప్తున్నా. స్పీకర్లు, మిక్సర్, వైర్లు అన్నీ మా గరాజ్‌లోనే ఉన్నాయి, అవి నా సొంత డబ్బుతో కొన్నవి. వచ్చే ఉగాదికి కావాలంటే ఆయన్నే వచ్చి మోసుకుపొమ్మనండి. గరాజ్ తలుపు తీసి పెడతాను, ఒక్క చెయ్యి కూడా వెయ్యను. బావమరిదీ, నువ్వు కూడా వెళ్లు సాయానికి, తొయ్యడమేగా.