నల్లమల కాలిబాటకు ఉగాది తర్వాతే అసలు పని

ఉగాది వెళ్లిన వారానికి వెంకటాపురం నుంచి నాగలూటి మీదుగా శ్రీశైలం పోయే యాత్రికుల కాలిబాట మీద చెయ్యి పెడితే చేతికి మట్టి తగలదు, పిండి తగులుతుంది. వేల పాదాలు తొక్కి నూరిన దుమ్ము అది. దాన్ని ఊదేస్తే కింద గచ్చులా గట్టిపడిన నేల. ముంగారు తొలివాన పడగానే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. గట్టి నేల నీటిని ఇంకనివ్వదు, పారే నీరు పైదుమ్మును ఎత్తుకుపోతుంది, బాట కాస్తా కాలువవుతుంది. మరుసటి శివరాత్రికి వచ్చినవాళ్లు ఆ కాలువలో రాళ్ల మీద నడవలేక పక్కన గడ్డిలో నడుస్తారు. ఇంకో వానకు అదీ కాలువే. ఒక బాట మూడు బాటలైందంటే జనం ఎక్కువయ్యారని తిట్టుకుంటాం గానీ, నిజానికి బాటను చెడగొట్టేది నీరు. జనం చేసేది నీటికి దారి చూపడం వరకే.

శ్రీశైలం పాదయాత్ర ఏర్పాట్ల మీద జరిగే చర్చంతా ఆ పదిపదిహేను రోజుల చుట్టూనే తిరుగుతుంది. షామియానాలు, నీళ్ల ట్యాంకులు, వైద్య శిబిరాలు, అన్నదానం. అవన్నీ కావాల్సినవే. కానీ చివరి భక్తుడు అడవిబాట చివర ఉన్న కైలాసద్వారం దాటగానే పని అయిపోయినట్టు లెక్క కట్టేస్తున్నారు. బాటకు పని మొదలయ్యేది సరిగ్గా ఆ రోజు నుంచే. ఉగాదికీ జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తెకూ మధ్య రెండు నెలలు, మహా అయితే రెండున్నర. ఆ గడువులో నీటిని బాట మీంచి దించితే బాట నిలుస్తుంది. దాటితే ఏడాది పోయినట్టే.

ముందు ఈ దారి ఎవరిదో చూద్దాం. పాత కర్నూలు జిల్లాలో, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్న ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా ఈ బాట శ్రీశైలం చేరుతుంది. శివరాత్రికి మనవాళ్లు ఎక్కువ, ఉగాదికి కన్నడిగులు ఎక్కువ. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా చూసుకునేవాళ్లు కాబట్టి చీరా సారెలతో సహా వస్తారు. ఇదే అడవి 1983 నుంచి పులుల అభయారణ్యం. పెచ్చెరువులో చెంచు గూడెం ఉంది. తపసి బంక తీసే కాలమూ, నడక కాలమూ ఒక్కటే. బైర్లూటి లాంటి చోట్ల జంగిల్ క్యాంపులకు వచ్చే పర్యాటకులు వేరు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి వంకలు దాదాపు ఎండిపోయి ఉంటాయి కాబట్టి మిగిలిన కొద్దిపాటి నీటి దగ్గరకే దుప్పీ, ఎలుగూ, మనిషీ అందరూ రావాల్సిందే.

చట్టం ఈ విషయంలో సగం దూరమే వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 27వ సెక్షను అభయారణ్యంలోకి ఎవరు రావచ్చో చెబుతుంది, 28వ సెక్షను ఏ పనికి అనుమతి ఇవ్వవచ్చో చెబుతుంది. 2012 అక్టోబరులో వచ్చిన జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు యాత్రికుల మజిలీలను ఏడాదిలో నిర్ణీత రోజులకే పరిమితం చేయమన్నాయి. కాబట్టి తేదీలు ఖాయమవుతున్నాయి. అయితే తేదీలు అడవికి ఎంత భారమో చెప్పవు. పదివేల మంది పది రోజుల్లో నడవడం వేరు, చివరి రెండు రోజుల్లో ఒక్కసారిగా ఎగబడడం వేరు.

లెక్క పెట్టాల్సింది మొత్తం జనాన్ని కాదు, రాత్రి ఒకచోట ఆగే జనాన్ని. ఒక మజిలీలో ఐదు వేల మంది పడుకుంటారనుకుందాం. తాగడానికీ వండుకోవడానికీ మనిషికి ఐదు లీటర్లు వేసుకున్నా పాతిక వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు. స్నానం ఈ లెక్కలో లేదు. అన్ని ట్యాంకర్లు రాలేకపోతే జనం చెలమ దగ్గరికి పోతారు, ఆ రాత్రి జంతువులకు నీళ్లుండవు. అందుకే ఆఖరి మజిలీకి తేగలిగిన నీళ్లు ఎందరికి సరిపోతాయో అదే ఆ రోజు అడవి గేటు దగ్గర వదలాల్సిన జనసంఖ్య. మజిలీ నీటిగుంట గట్టు మీద కాకుండా దూరంగా ఉండాలి. మరుగుదొడ్లకు తవ్వే కందకాలు ఏ నీటికైనా అరవై మీటర్లు తగ్గకుండా ఎడంగా ఉండాలి, తీసిన మట్టి పక్కనే పోసి వాడిన ప్రతిసారీ కప్పాలి. పొయ్యిలకు ఆకులు ఊడ్చిన చోటు ఒకటే కేటాయించాలి. అభయారణ్యంలో ప్రమాదకరంగా నిప్పు రాజేయడం 30వ సెక్షను కింద నేరమే. అయినా ఏప్రిల్‌లో ఎండుటాకు మీద పడిన బీడీముక్క సెక్షన్లు చదవదు.

ఇక బాట సంగతి. చెడిన బాటను అడ్డంగా నిలబడి చూస్తే దాని ఆకారం పడవలా ఉంటుంది. నడుమ కుంగి, దిగువ అంచున మట్టి గట్టుకట్టి ఉంటుంది. ఆ గట్టే దొంగ. వాలు మీద పడిన నీరు బాటను అడ్డంగా దాటి పల్లానికి పోనివ్వకుండా బాట పొడవునా పరిగెత్తిస్తుంది. కాబట్టి మొదటి పని రాళ్లు తేవడం కాదు, పార తీసుకుని ఆ గట్టును తెగ్గొట్టడం. మీటరు వెడల్పు బాటకు లోపలి అంచు కంటే బయటి అంచు ఐదు సెంటీమీటర్లు పల్లంగా ఉంటే చాలు. ఖర్చులేని పని. అందుకే కాబోలు ఎస్టిమేట్లలో కనిపించదు.

బాట నిటారుగా కొండకు ఎదురెక్కిన చోట గట్టు కొట్టినా లాభం లేదు. అక్కడ బాటనే జరపాలి. మోటుగా చెప్పుకునే లెక్క ఒకటుంది. కొండ వాలు ఎంతుందో బాట వాలు అందులో సగం దాటకూడదు. వంద అడుగులకు ముప్పై అడుగులు లేచే కొండ మీద బాట పదిహేనుకు మించకూడదు, సగటున పది లోపుంటే ఇంకా నయం. దీన్ని కొలవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ పనులకు పోయిన కూలీలకు ‘ఏ ఫ్రేమ్’, అంటే ఇంగ్లీషు A ఆకారంలో ఉండే కొలత చట్రం, కొత్త కాదు. రెండు కర్రలు, అడ్డకర్ర, నడుమ తాడుకు వేలాడే రాయి. కందకాలు తవ్వడానికి సమమట్టం ఎలా గుర్తిస్తారో బాటకూ అంతే, చిన్న తేడాతో. కాళ్ల మధ్య దూరం రెండు మీటర్లుంటే పల్లం వైపు కాలి కింద ఇరవై సెంటీమీటర్ల చెక్కదిమ్మ పెట్టాలి. తాడు అడ్డకర్ర మీది నడుమ గీతకు వచ్చిన చోటల్లా పదో వంతు వాలు దొరికినట్టు. అక్కడొక సున్నపు చుక్క పెట్టి ముందుకు పోవడమే.

జరపలేని చోట నీటిని అడ్డరాళ్లతో మళ్లించాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. రాయిని బాటకు సూటిగా అడ్డం పెడితే అది మెట్టవుతుంది తప్ప నీటిని మళ్లించదు. వెనక ఒండ్రు నిండి, రెండో వానకు నీరు దాని మీంచే దూకి కింద గుంట చేస్తుంది. సుమారు నలభై ఐదు డిగ్రీలు ఏటవాలుగా పెట్టాలి. రాయిలో మూడింట రెండొంతులు భూమిలో ఉండాలి. రెండు కొసలూ బాట అంచు దాటి కనీసం అడుగు దూరం పోవాలి, లేదంటే నీరు కొస చుట్టి తిరిగి బాట మీదకే వస్తుంది. బయటికి పోయే చోట మీటరు పొడవు కాలువ తీసి, దాని నోట్లో గులకరాళ్లు పరచాలి. బాట ఎంత నిటారుగా ఉంటే రాళ్లు అంత దగ్గరగా పడాలి. వందకు పది వాలులో ఇరవై మీటర్లకొకటి అనుకుంటే, ఇరవై వాలులో పది మీటర్లకొకటి. వాలు తక్కువున్న చోట రాయి కంటే మూడు నాలుగు మీటర్ల పొడవున బాటను కొద్దిగా దించి లేపే పల్లం మేలు. దానికి పూడిక పట్టడం తక్కువ. పైగా చాలామంది చెప్పుల్లేకుండా, నెత్తిన మూటతో నడుస్తారు. పల్లం కాలికి తగలదు, రాయి తగులుతుంది.

భీముని కొలను దగ్గర దిగుడూ, కైలాసద్వారానికి ఎక్కుడూ మెట్ల దారి. శ్రీశైలానికీ అహోబిలానికీ పద్నాలుగో శతాబ్దంలోనే రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడన్నది చరిత్ర. పాతమెట్లు కదిలినచోట సిమెంటు పోసి అతికించాలన్న ఆత్రం ఎప్పుడూ ఉంటుంది. సిమెంటు మెట్టు కిందికి నీరు పోలేక పక్కకు పోతుంది, అంచున మట్టి కోసి లోపల బొక్క చేస్తుంది. పైకి బాగానే కనిపిస్తూ ఒకరోజు పలక మొత్తం ఒరుగుతుంది. పొడిరాతి మెట్టు అలా మోసం చేయదు, కదిలిన రాయి కదిలినట్టే తెలుస్తుంది. నల్లమలలో బిగువైన క్వార్ట్‌జైట్ పలకలకు కొదవ లేదు. కింది మెట్టు ముందు వేసి, పై మెట్టు దాని వెనక అంచు మీద జానెడు ఎక్కేలా పేర్చుకుంటూ రావాలి. ఎత్తు పదిహేను సెంటీమీటర్లు, పాదం పెట్టే చోటు ముప్పైకి తగ్గకూడదు. మెట్ల ఎత్తు ఒక్కోటి ఒక్కోలా ఉంటే మోకాళ్లు నొప్పెట్టి జనం పక్కన మట్టిలోకి దిగుతారు. మెట్ల పక్కన రెండో బాట పుట్టిందంటే తప్పు కట్టినవాళ్లది.

అడ్డదారులు మూసేటప్పుడు బోర్డు పెట్టి ఊరుకుంటే ఎవరూ ఆగరు. దారి కనిపిస్తున్నంతసేపూ కాలు అటే పోతుంది. గట్టిపడిన నేలను గడ్డపారతో జానెడు లోతు కుళ్లగించి, పైనా కిందా మలుపు నుంచి కంటికి కనిపించే మేర, అంటే పది పదిహేను మీటర్లు, ఎండుకొమ్మలూ కంపా అడ్డదిడ్డంగా పరచాలి. నడుమ భాగంలో నీరు కోయకుండా చిన్న రాతికట్టలు వేస్తే చాలు, గడ్డి దానంతటదే వస్తుంది. అయితే కంప వేసేముందు గూడెంలో అడగాలి. మనకు అడ్డదారిగా కనిపించేది చెంచులకు తేనెకో బంకకో పోయే దారి కావచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక వాళ్ల దారి మూసే అధికారం మలుపు మీద నిలబడి చూసేవాడికి లేదు.

పునరుద్ధరణ అనగానే మొక్కలు నాటడం అలవాటైపోయింది. కడప జిల్లా లంకమల పాదాల్లో ఆ అలవాటే ప్రమాదం. అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కనిపించింది అక్కడే. దానికి కావాల్సింది పలచటి ముళ్లపొదలు, వాటి మధ్య ఖాళీ నేల. అక్కడ చెడిన బాట పక్కన వరుసగా చెట్లు నాటితే అడవిని బాగుచేసినట్టు ఫొటోలో ఉంటుంది, పిట్టకు ఇల్లు పోతుంది.

డబ్బు దారి ఉంది. అదే వన్యప్రాణి చట్టం 38ఎక్స్ సెక్షను కింద పులుల అభయారణ్యాలకు పులుల సంరక్షణ ఫౌండేషన్ ఉండాలి. ప్రవేశ రుసుము అక్కడ జమైతే అదే అడవికి ఖర్చుపెట్టవచ్చు. నడక రోజుల ఖర్చుతో కలపకుండా ఏప్రిల్, మే పనికంటూ విడిగా ఒక పద్దు రాసుకోవాలి, కూలి గూడెం వాళ్లకే దక్కాలి. ఎనిమిది మంది జట్టు, నాలుగు గడ్డపారలు, నాలుగు పారలు, ఒక ‘ఏ ఫ్రేమ్’. ట్రాక్టరు, జేసీబీ అక్కర్లేదు. జేసీబీ ఒకసారి దిగితే కాలిబాట బండిబాట అవుతుంది, దాని వెనకే బండ్లూ వస్తాయి.

జట్టులో ఇద్దరి కూలి మాత్రం జూన్‌కు దాచుకోవాలి. మొదటి గట్టివాన పడుతుండగానే వాళ్లు పారలు పట్టుకుని బాట మీద నడవాలి. నీరు ఏ రాయిని చుట్టి వస్తోందో, ఏ కాలువ నోరు పూడిందో ఎండలో ఎంత వెతికినా తెలియదు, వానలో చెప్పకుండానే తెలుస్తుంది. పూడిక అక్కడికక్కడ తీసేయాలి. రాయి మార్చాల్సిన చోట పక్కనున్న బండ మీద ఎర్రరంగు చుక్క పెట్టి రావాలి. ఆ చుక్కలు ఎన్నో, ఎక్కడెక్కడో రాసిన కాగితమే శివరాత్రికి ముందు చేయాల్సిన పనికి ఎస్టిమేటు.