ఉడుంపట్టు ఎంటిరోబ్యాక్టిన్ గారికి

ఇనుమును పట్టి తెచ్చుకోవడానికి బ్యాక్టీరియా తయారుచేసి బయటికి వదిలే అణువు, మహారాజశ్రీ ఎంటిరోబ్యాక్టిన్ గారికి నమస్కరించి రాయునది.

ఇవాళ మధ్యాహ్నం, అణువుల బరువు చూపే మాస్ స్పెక్ట్రమ్‌లో తమరి దర్శనం కోసం కూర్చున్నాను. 669 దగ్గర రావాల్సిన తమరు 687 దగ్గర ప్రత్యక్షమయ్యారు. తేడా 18. అంటే ఒక్క నీటి అణువు. అది తమరి వలయంలో దూరి ఒక ఎస్టర్ బంధాన్ని తెంపింది. నేను ఇన్నాళ్ల శ్రమకు నీళ్లు వదులుకున్నాను.

తమరికి చేయని మర్యాద ఏముంది? ఇనుము కాస్త ఎక్కువైతే ఇ.కోలై బ్యాక్టీరియా తమరిని తయారు చేయదని గాజుసామానంతా ఆసిడ్‌తో కడిగాం. ఇనుమును పట్టే అణువులుంటే రంగు మారే కాస్ ప్లేటు మీద నీలం పోయి నారింజ రంగు రాగానే సంబరపడిపోయాం. విరిగిన ముక్కలు కూడా ఇనుమును పట్టుకుంటాయి కదా, పాపం ప్లేటుకేం తెలుసు!

తమరి గొప్ప నాకు తెలియనిది కాదండీ. మూడు సెరీన్ అమైనో ఆమ్లాలు చేయీ చేయీ కలిపి వలయం కడతాయి. ఒక్కోదానికీ ఒక కెటకాల్, అంటే రెండు ఆక్సిజన్లున్న పట్టుకొమ్మ. వాటి ఆరు ఆక్సిజన్లూ ఒకేసారి ఫెర్రిక్ అయాన్‌ను, అంటే ఇనుమును, చుట్టేస్తాయి. పట్టు బలాన్ని చెప్పే స్థిరత్వ స్థిరాంకం దాదాపు 10కి 49వ ఘాతం! రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ దగ్గర్నుంచి కూడా ఇనుము లాక్కోగల ఉడుంపట్టు.

అంత పట్టున్నదానివి, నీ సొంత వలయాన్ని పట్టి ఉంచుకోలేవా? కాస్త క్షారం తగిలితే చాలు, ఊడిపోతావ్. నాకు తెలుసు, అది కావాలని చేసిన ఏర్పాటే. లోపలికి చేరాక ఫెస్ ఎంజైమ్ వచ్చి నిన్ను కోస్తేగానీ బ్యాక్టీరియా చేతికి ఇనుము రాదు. విరగడానికే పుట్టావు. విరుగు, ఎవరొద్దన్నారు? వెళ్లి బ్యాక్టీరియా కడుపులో విరుగు. నా వయల్‌లో ఏం పని?

నీలాగే ఇనుమును పట్టే మీ చుట్టాలు ఏరోబ్యాక్టిన్, యెర్సినియాబ్యాక్టిన్‌ల సంగతి ఇంకోసారి చూసుకుందాం. సాల్మొనెల్లా బ్యాక్టీరియా అయితే మరీను. మన ఒంట్లోని సిడెరోకాలిన్ ప్రోటీన్ నిన్ను దారికాచి పట్టుకుంటుంటే, నీకు గ్లూకోజులు తగిలించి సాల్మోకెలిన్ అని వేషం మార్చి దాటించేస్తుంది. తెలివికి మెచ్చుకోవాల్సిందే, ఒళ్లు మండినా సరే.

అయినా నీ ఎత్తు నీకే తిప్పికొట్టారులే. సెఫిడెరోకాల్ అనే యాంటీబయాటిక్‌కు కెటకాల్ తగిలించారు. అది ఇనుమును పట్టుకుని వస్తే బ్యాక్టీరియా తనే తలుపు తీసి లోపలికి తీసుకెళ్తోంది. 2019లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. అందులో నీ కెటకాల్ పోలిక ఉంది, నీ వలయం మాత్రం లేదు. ఆ మందు చేసినవాళ్ల మీద నాకు ఇవాళ గౌరవం పెరిగింది.

ఇట్లు,
ఒకప్పటి విధేయుడు