సవరణ: ఎక్సెల్ మాక్రోలో ఫైలు పేరు ఒక్కటే చాలదు

కొత్త ఎక్సెల్ ఫైలును మాక్రోతో (పనిని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాముతో) సేవ్ చేసే పద్ధతి గురించి మొన్న రాస్తూ, పేరు చివర మాక్రోలున్న ఫైలు గుర్తయిన ‘.ఎక్స్ఎల్ఎస్ఎమ్’ (.xlsm) పెడితే చాలన్నాను. అది తప్పు. ఒక్కసారీ సేవ్ చేయని ఫైలుకు ఎక్సెల్ తన డిఫాల్ట్ ఫార్మాట్‌నే తీసుకుంటుంది. పేరు చివరి తోకకూ దానికీ పొత్తు కుదరకపోతే 1004 ఎర్రర్ చూపి మొండికేస్తుంది. అందుకే మాక్రో కోడ్‌లో ఫైలును సేవ్ చేయమనే సేవ్‌యాజ్ (SaveAs) వరుసలో ఫైల్‌ఫార్మాట్ (FileFormat) విలువ కూడా ఇవ్వాలి: మాక్రోలున్న ఫైలుకు 52, లేనిదానికి 51. నేను పరీక్షించింది అప్పటికే ఎక్స్ఎల్ఎస్ఎమ్‌గా సేవ్ అయిన ఫైలు మీద. దానికి పాత ఫార్మాటే కొనసాగుతుంది కాబట్టి నా పొరపాటు బయటపడలేదు.

పనిలో పనిగా ఇంకొకటి. పేరులో తేదీని 05/03/2024 అని చేర్చమన్నాను. విండోస్ ఫైలు పేర్లలో ఆ ఏటవాలు గీతను ఒప్పుకోదు. 2024-03-05 అని రాయండి. ఫైళ్లు తేదీల వరుసలోనే కూర్చుంటాయి.